పండుగను లేపిన దూడ

మా మనుమరాలు బడి కోసం ఒక పెద్ద అట్ట మీద గడులు గీసుకుంది. మొదటి గడిలో పండుగ, రెండో గడిలో దేశం, మూడో గడిలో అది ఎలా పుట్టిందీ. ఒక దేశంలో కొత్త సంవత్సరానికి ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారట. ఇంకో దేశంలో చనిపోయినవాళ్లు ఆ ఒక్కరోజు ఇంటికి వస్తారని దారి పొడుగునా బంతిపూల రేకులు చల్లుతారట. మరో చోట పంట కోశాక నిండు చంద్రుణ్ని చూస్తూ తీపి బిళ్లలు పంచుకుంటారట. అన్నీ చదివి వినిపించి, బతుకమ్మ దగ్గర కలం ఆపి, "ఇది ఎలా పుట్టింది అమ్మమ్మా?" అని అడిగింది.

తెలిసిన కథ చెప్పాను. నూరుమంది బిడ్డలను పోగొట్టుకున్న ఒక జంటకు చివరికి ఆడపిల్ల పుడితే, ఇదన్నా బతకాలని బతుకమ్మ అని పిలుచుకున్నారనే కథ. మనుమరాలు దాన్ని రెండు వాక్యాల్లో రాసుకుని, పసుపు రంగు పెన్సిల్ వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. లోకంలో పండుగలు ఎలా పుట్టాయో నేను చూడలేదు. ఒక ఇంట్లో పండుగ ఎలా ఆగిపోతుందో, మళ్లీ ఎలా లేస్తుందో మాత్రం చూశాను. లేపిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఒక అబద్ధంతో.

నాకు డైరీ రాసే అలవాటు. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టాను, రిటైరయ్యాక కూడా మానలేదు. వాన పడితే ఏ వేళకు పడిందో, ఎవరైనా వస్తే ఏం తిని వెళ్లారో రాసి పెడతాను. ఈ సంగతి వాటిలో ఎక్కడా లేదు. జరిగినప్పుడు నాకు పదేళ్లు, అక్షరం ముక్క రాదు. వచ్చిన తర్వాత రాయడానికి చేయి ఆడలేదు. ఇప్పుడు గుర్తున్నంతవరకు వరుస తప్పకుండా రాస్తాను.

సిద్దిపేటలో మాది ఇరుకు గల్లీ. గూనపెంకుల ఇల్లు, ముందు అరుగు, నడుమ అర్ర అనే పెద్ద గది, వెనుక చిన్న వాకిలి, దాన్ని దాటితే బర్రె కొట్టం. ఇంట్లో నాన్న, అమ్మ, తాత, నాన్న తల్లి, అక్క, నేను. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని, నాన్న తల్లిని బాపమ్మ అని పిలిచేవాళ్లం. అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. పదమూడో ఏట ఆమెను కోహెడలో ఇచ్చారు. పెళ్లయిన మొదటి బతుకమ్మకు ఆనవాయితీ ప్రకారం ఇంటికి వచ్చింది.

బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. చివరి రోజు సద్దుల బతుకమ్మ, అదే పెద్దది. ఆ పొద్దున తాత తంగేడు పువ్వుకు పోయాడు. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ ఆయనదే. మోపు నెత్తిన పెట్టుకొచ్చి అరుగు మీద దించి, "గీ ఏడు పువ్వు మస్తుగ పూసింది" అని, మంచినీళ్లు అడిగాడు. అక్క చెంబు తెచ్చేసరికి పూలమోపు పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. అంతే.

అప్పటికి అవ్వ ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి మూడు వరుసల పూలు పేర్చింది. బాపమ్మ లేచి వచ్చి ఆ మూడు వరుసలూ తన చేత్తోనే తీసేసింది. తాంబాళం కడిగి అటక మీద బోర్లించింది. నాకు తాత ముఖం సరిగా గుర్తులేదు గాని, ఆ తాంబాళం అటక చెక్కకు తగిలిన చప్పుడు గుర్తుంది.

దినాలు అయ్యాక కులపెద్దలు కూర్చుని మాట చెప్పారు. ఈ ఇంటికి ఇక బతుకమ్మ లేదు. ఎప్పటిదాకా అంటే, మళ్లీ ఏదో ఒక ఏడు అదే దినాన ఈ ఇంట్లో ఒక బిడ్డ పుట్టాలి, లేదంటే ఈ ఇంటి పశువుకు దూడ పుట్టాలి. ప్రాణం పోయిన దినాన ప్రాణం వస్తే పండుగ లేస్తుంది. ఒకరోజు ముందు పుట్టినా, ఒకరోజు వెనుక పుట్టినా చెల్లదు. మా దిక్కున ఈ పద్ధతి పాటించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

"పుట్టకపోతే?" అని అడిగాను.

"పుట్టేదాక సూసుడే" అన్నది బాపమ్మ.

మూడేళ్లు చూశాం. పండుగ లేని ఇంట్లో పండుగ రోజులు ఎలా గడుస్తాయో చెబుతాను. పొద్దు వాలగానే బాపమ్మ వీధి తలుపు దగ్గరకు వేసి గొళ్లెం పెట్టేది. బయట గల్లీలో ఆడవాళ్లు బతుకమ్మలు దించుకుని చుట్టూ తిరిగేవాళ్లు. వంగినప్పుడు పాట సన్నబడేది, లేచినప్పుడు పెద్దదయ్యేది. చప్పట్లు ఒక్కసారిగా పడేవి. తడి తంగేడు వాసన, రంగు అద్దిన గునుగు పువ్వు వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చేవి. మేం ముగ్గురం, అవ్వ, బాపమ్మ, నేను, నడిమి అర్రలో దీపం ముందు కూర్చునేవాళ్లం. తలుపు సందుకు కన్ను ఆనిస్తే నాకు కనపడేవి తిరిగే చీర కుచ్చిళ్లు, పాదాలు. పాదాలను బట్టి ఎవరెవరో గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

"లోపలికి రా, కన్ను గుంజుకపోతది" అనేది బాపమ్మ.

"ఆడుత లేను గదా, సూస్తున్న."

"సూసుడు గూడ ఆడుడే."

పక్కిల్లు గాజులమ్మే ముస్లిం ఆవిడది, మేం ఖాలా, అంటే పిన్ని అనేవాళ్లం. భర్త పోయిన ఆవిడ, గాజుల మూట భుజాన వేసుకుని కోహెడ దాకా ఊళ్లు తిరిగేది. సద్దుల నాడు గల్లీలో వాళ్లు ఖాలాకు కూడా మలీద ముద్దలు పెట్టేవాళ్లు. రొట్టె నలిపి బెల్లం, నెయ్యి వేసి పట్టిన ముద్దలు. ఖాలా వాటిలో రెండు చింకిగుడ్డలో చుట్టి వెనుక గోడ మీదుగా కొట్టంలోకి వేసేది. నేను బర్రె పక్కన కూర్చుని తినేదాన్ని. ఒక ఏడు గునుగు, కట్లపువ్వు ఏరుకొచ్చి అరచేతంత బతుకమ్మను చేసి వడ్ల గుమ్మి వెనుక దాచుకున్నాను. బాపమ్మ చూసింది. కొడుతుందనుకున్నాను. దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని కొట్టంలోకి పోయి బర్రెకు పెట్టింది. "ఇది తింటె తప్పు లేదు. దీనికి పండుగలు లెవ్వు" అన్నది.

ఆ రోజుల్లో నేను ప్రతివాళ్లనూ పండుగలు ఎట్లా పుట్టాయని అడుగుతుండేదాన్ని. పీర్ల పండుగ నాడు ఖాలా షర్బతు ఎందుకు పోస్తుందని అడిగితే, "ఒకనాడు పెద్దలు, పిల్లలు నీళ్లు దొరకక సచ్చిన్రు బేటీ. గందుకే ఆ దినం ఎవలు దూపగొన్నా పోస్తం" అన్నది. బతుకమ్మ సంగతి బాపమ్మను అడిగితే ఆమె కథలేవీ చెప్పలేదు. "ఆడిపిల్ల ఏడాదికోసారన్న తల్లిగారింటికి రావద్దానె? ఊకెనే ఎవలు తోలిస్తరు? గందుకే ఎవలో తెలివిగలామె పండుగ బెట్టింది" అన్నది.

అసలు బాధ అక్కడే ఉంది. అక్కను తోలించడం లేదు, అత్తగారింటివాళ్లు మా ఇంటికి పంపడం లేదు.

తాత సంవత్సరీకానికి ఒకసారి వచ్చింది. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయింది, పక్కన అత్తగారు ఉన్నారు. మిగతా పండుగలకు నాట్లు, కలుపు, కోతలు అనేవాళ్లు. రోజులు బాగలేవని ఇంకో మాట. అదీ అబద్ధం కాదు, ఆ రోజుల్లో పొద్దుగూకితే ఊరు దాటడానికి అందరూ భయపడేవాళ్లు. ఏ అత్తగారూ కాదనలేనిది ఒక్క బతుకమ్మనే, మాకేమో అది లేదు. రెండో ఏడు బాపు కోహెడ పోయి అడిగితే అక్క అత్తగారు నలుగురి ముందు అన్నదట: "అన్నా, బతుకమ్మ లేని ఇంటికి పండుగకు తోలిస్తె మా ఇంటికి మంచిది గాదు. మీ ఇంట్ల పండుగ లేసిననాడు బండి కట్టుకొని రా. నేను ఆపితె గప్పుడడుగు."

బాపు ఉత్త బండితో తిరిగి వచ్చాడు. అవ్వ నీళ్లిచ్చింది.

ఆ పై ఏడు ఖాలా ఊళ్లు తిరిగి వచ్చి మా అరుగు మీద మూట దించింది. అవ్వను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "బహెన్, నీ బిడ్డకు గాజులు తొడిగిన. పెండ్లప్పుడు ఏ సైజు తొడిగిన్నో నాకు యాదికున్నది. ఇప్పుడు దానికి రెండు సైజులు తక్కువ తొడిగినా జారుతున్నయ్. పిల్ల పొడుగైంది, చెయ్యి సన్నబడ్డది. గట్ల గావద్దు గదా?"

అవ్వ ఆ గాజు ఏ సైజో చూపించమన్నది. ఖాలా మూటలోంచి తీసి ఇచ్చింది. అవ్వ దాన్ని నా చేతికి తొడిగి చూసింది. తొమ్మిదేళ్ల నా చేతికి అది కొంచెమే వదులు.

ఆ చలికాలంలో మా బర్రె చూలు కట్టింది. బాపమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, "బతుకమ్మ దినాలల్ల ఈనుతది" అన్నది. ఆ మాటతో ఇంటి గాలి మారింది. బర్రెకు అవ్వ తన కంచంలోది కూడా పెట్టేది. బాపమ్మ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్నది, సరిగ్గా దినం నాడే ఈనాలని. ఆమె మోకాళ్లు అప్పటికే పోయాయి, కొట్టం దాకా నడవలేదు. అరుగు మీద నుంచే అరిచేది: "పొదుగు దిగిందా? తోక ఎత్తుతున్నదా? ఏమే పొల్లా, నిన్నే!"

పండుగ మొదలైంది. మొదటి రోజు, రెండో రోజు, అయిదో రోజు. బర్రె నెమరు వేస్తూ నిలబడింది. మేం తలుపు గొళ్లెం పెట్టుకుని, వెనుక వాకిట్లో పాట వింటూ, దాని వైపే చూస్తూ కూర్చున్నాం. ఇంతకు ముందు ఏళ్లలో మేం ముగ్గురమే బందీలం. ఆ ఏడు బర్రె కూడా మాతో కలిసినట్టుండేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బాపు లేడు. ఎవరో అధికారి సామాను మోయాలని అంతకు ముందు రోజు వెట్టికి బండి తోలుకుపొమ్మన్నారు. కూలి ఉండదు, కాదనడానికి లేదు. అవ్వ చేనులో మక్క కంకులు విరవడానికి పోయింది. బాపమ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. కొట్టంలో నేనొక్కదాన్నే ఉన్నాను. బర్రె పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. నాకు అర్థమైంది. కేక వేయబోయి ఆపుకున్నాను. కేక వేస్తే ఈ రోజే ఈనినట్టు లోకానికి తెలిసిపోతుంది.

"ఇయ్యాల వద్దే, ఇయ్యాల వద్దు" అని దాని నుదురు రాస్తూ కూర్చున్నాను. ముందు రెండు కాళ్లు వచ్చాయి, వాటి మీద మూతి. పొద్దు ఇంకా గోడ మీదనే ఉంది. ఆడదూడ. బర్రె దాన్ని నాకుతుంటే నేను ఏడుస్తున్నాను.

అవ్వ కంకుల గంప దించి కొట్టంలోకి వచ్చింది. చూసింది. అట్లాగే కింద కూర్చుండిపోయింది, కొంగు నోట్లో కుక్కుకుని. ఎంతసేపో తెలియదు. తర్వాత లేచింది. మావి పడేదాకా ఉండి, దాన్ని ఎరువుకుప్ప కింద పూడ్చింది. దూడను మూలకు జరిపి చుట్టూ గడ్డి మోపులు నిలబెట్టింది. నా వైపు తిరిగి ఒక్క మాట అన్నది: "నువ్వు ఏం సూడలె."

ఈనిన బర్రెకు వేడి గటక, అంటే జొన్నరవ్వ సంకటి, పెట్టాలి. ఆ పూట మేం తినడానికి పొయ్యి మీద ఉన్న జొన్నగటకలో బెల్లం కలిపి అవ్వ గుట్టుగా కొట్టంలోకి తెచ్చింది. దీపాలు పెట్టాక బాపమ్మ కంచం ముందు కూర్చుంది.

"గటక ఏది?"

"మాడింది అత్తా. పారబోసిన. మక్క కంకి కాలుస్త, తిను."

బాపమ్మ కంచం పక్కకు జరిపింది. "మాడిన వాసన రాకపాయె" అన్నది.

బాపు ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఎద్దులు నురగలు కక్కుతున్నాయి. కంకి ఒకటి తిని అరుగు మీద ఒరిగాడు. అవ్వ ఆయనకు కూడా చెప్పలేదు. నాకు అది అప్పుడు విచిత్రంగా అనిపించింది.

తెల్లవారి, ఎండ కొట్టం కప్పు మీద పడేదాకా ఆగి, అవ్వ కేక వేసింది. "అత్తా! బర్రె ఈనింది!" అంత గట్టిగా అవ్వ మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

బాపమ్మ కట్టె పట్టుకుని వచ్చింది. ఏడాది తర్వాత కొట్టం గడప దాటడం అదే. చెమటలు పోశాయి.

"ఎప్పుడు?"

"ఇప్పుడే, పొద్దు పొడిచినంక."

"నిన్నడుగుత లేను. పొల్లా, నువ్వు సెప్పు. దీని కాడ ఉండేది నువ్వు గదా. ఎప్పుడు ఈనింది?"

అవ్వ నా వైపు చూడలేదు, బర్రె వైపు చూస్తోంది. "ఇప్పుడే బాపమ్మా. నేను సూసిన" అన్నాను.

"ముందుగాల ఏమొచ్చింది?"

"కాళ్లు. దాని మీద మూతి." అది మాత్రం నిజమే.

బాపమ్మ మెల్లగా కూర్చుంది. దూడ నోట్లో వేలు పెట్టింది. గిట్టలు నొక్కింది. బొడ్డు తడిమింది. అది అప్పటికే సుతిలితాడులా ఎండి ఉంది. దూడ ఆమెను తలతో పొడిచి, ఒక్క గెంతు గెంతి తల్లి పొదుగు దగ్గరకు పోయింది. అప్పుడే పుట్టిన దూడ గెంతదు. బాపమ్మ పుట్టినప్పటి నుంచి బర్రెల మధ్య పెరిగిన మనిషి. ఆ పండుగ ఆగింది ఆమె మొగుడి చావుతో. మూడేళ్లుగా తలుపుకు గొళ్లెం పెట్టింది ఆమె చెయ్యి. ఆమె దూడ వైపు చూస్తూ ఉంది, మేం ఆమె వైపు చూస్తూ ఉన్నాం.

అవతల గోడ మీద ఖాలా తల కనపడింది. వెనుక ఇంకో ఇద్దరు ముగ్గురు.

"ఏం పుట్టింది బహెన్? ఎప్పుడు?"

బాపమ్మ కట్టె ఊతం చేసుకుని లేచింది. "ఆడదూడ! పొద్దు పొడిచినంక పుట్టింది. నేనే దగ్గరుండి సూసిన. ఎవలన్న అడిగితె నా పేరు సెప్పుండ్రి" అన్నది, గల్లీ అంతా వినపడేలా.

గోడ మీది తలలు పోయాక, బాపమ్మ అవ్వ పక్కగా నడుస్తూ ఆగింది. "ఇంకోపారి గటక మాడితె, జర మాడిన వాసన గూడ రానియ్యి కోడలా." తర్వాత, "అటక మీద తాంబాళం దించు" అన్నది.

బాపు అప్పటికే ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. వెట్టి నుంచి వచ్చి అలసిన ఎద్దులు. వాటి వీపులు నిమిరి, ఏదో చెప్పుకుని, బండి కట్టి కోహెడకు బయలుదేరాడు. ఆ సాయంత్రం మా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. నేను గల్లీలో తిరిగి తిరిగి ఆడాను. పాదాలు తప్ప తెలియని వాళ్ల ముఖాలు చూస్తూ ఆడాను. నువ్వుల సద్ది, పులుసు సద్ది, పెరుగు సద్ది, అన్నీ తిన్నాను. ఆ రుచి నాకు గుర్తులేదు. దారి వైపు చూస్తూ తిన్నాను కాబోలు.

మర్నాడు చీకటి పడకముందే బండి వచ్చింది. బాపు దిగుతూనే అక్క అత్తగారి సంగతి చెప్పాడు. "వదినె నన్ను అందరి ముందట నిలవెట్టింది. దినం నాడే పుట్టిందా, దీపం మీద చెయ్యి బెట్టు అన్నది. బెట్టిన. నాకేం భయం?" అవ్వ, బాపమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. బాపుకు ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు. నిజం మీదే చెయ్యి పెట్టానని నమ్మి పోయాడు.

అక్క బండి దిగింది. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. నేను ఎదురు పరుగెత్తాను. నా తల మీద చెయ్యి వేసి, "గింత పొడుగైనవా?" అన్నది. రెండు ముద్దలు తిన్నది. "జర ఒరుగుత" అని నడిమి అర్రలో చాప మీద పడుకుంది.

లేవలేదు. తెల్లవారి దసరా. జమ్మి ఆకులు పట్టుకుని, పాలపిట్టను చూశామని చెప్పుకుంటూ గల్లీ జనం వచ్చిపోయారు. అక్క స్నేహితురాళ్లు తలుపులోంచి తొంగి చూశారు. ఆమె నిద్రపోతూనే ఉంది. అవ్వ లేపి నోట్లో జున్ను పెడితే కళ్లు మూసుకునే మింగింది. ఖాలా వచ్చింది, కొత్త గాజులు తెచ్చింది. నిద్రలో ఉన్న ఆ చెయ్యి చూసి, మూట కట్టుకుని పోయింది.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఆమె కోసం బాపమ్మ ముఖం చూస్తూ అబద్ధం ఆడాను. దూడను చూపించాలి, దాచిన సంగతి చెవిలో చెప్పాలి, చెరువు దాకా పోవాలి. ఈమె పడుకుంది. దసరా నాటి సాయంత్రం చెంబులో నీళ్లు తెచ్చి ఆమె ముఖం మీద నాలుగు చుక్కలు చల్లాను.

అక్క కెవ్వున లేచింది. "వస్తున్న అత్తమ్మా! లేసిన, లేసిన!" కళ్లు ఇంకా తెరవలేదు. చేతులు రెండూ నేల మీద వెతుకుతున్నాయి. తిరుగలి పిడి కోసం అని నాకు కొంచెంసేపటికి గాని అర్థం కాలేదు. దొరకక, గోడను తడిమి, కళ్లు తెరిచింది. నన్ను చూసింది, కప్పు చూసింది. "నువ్వానే" అన్నది. మళ్లీ పడుకుంది.

గడపలో అవ్వ నిలబడి ఉంది. నన్ను తిట్టలేదు. చెంబు నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది. నేను విసనకర్ర తెచ్చుకుని అక్క తల దగ్గర కూర్చుని ఈగలు వాలకుండా విసిరాను. ఆ రాత్రి అన్నాల దగ్గర బాపమ్మ బాపుతో అన్నది: "చిన్నదానికి ఇప్పుడే సంబంధాలు సూడకు. బడి ఏడున్నదో గది సూడు." బాపు సరే అన్నాడు. నా చదువు, ఉద్యోగం, ఈ రాతలు, అన్నీ ఆ మాట నుంచే.

అత్తగారు పెట్టిన గడువు దసరా మర్నాటిదాకానే. ఆ పొద్దున బాపు బండి కట్టాడు. అవ్వ సద్ది మూట కట్టింది. అక్క నిద్రపోతోంది. అవ్వ లేపడానికి వంగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. బాపమ్మను చూసింది. బాపమ్మ బాపును చూసింది. బాపు కాసేపు పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పోతం" అని ఎద్దులను విప్పాడు. విప్పుతుంటే మెడ గంటలు మోగాయి. ఆయన ఉలిక్కిపడి గంటలు రెండూ గుప్పిట్లో పట్టుకున్నాడు, తర్వాత వాటిని కూడా విప్పి అరుగు మీద పెట్టాడు. అవి చప్పుడు కాకుండా కింద ఒక గుడ్డ పరిచాడు.

ఆ ఒక్కరోజుకు కోహెడలో అక్క ఏం పడిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ఏటా బతుకమ్మకు వచ్చింది. తోలించనని ఎవరూ అనలేకపోయారు. అత్తగారు పోయాక, తానే అత్తయ్యాక కూడా వచ్చింది. ప్రతిసారీ మొదటి రెండు రోజులు నిద్రపోయేది. ఎవరం లేపేవాళ్లం కాదు. దూడ సంగతి ఆమెకు చాలా ఏళ్ల తర్వాత చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది. "ఒక్క పూట ముందుగాల ఈనినందుకు బర్రెను తిట్టినవా?" అని అడిగింది. ఇప్పుడు వాళ్లెవరూ లేరు.

ఆమె ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, తర్వాతి ఏళ్లవన్నీ నా దగ్గర వేళతో సహా ఉన్నాయి. ఆ మొదటిసారి పోయిన వేళ మాత్రం లేదు. బాపు గంటలు తిరిగి కట్టలేదట, నన్ను లేపవద్దని అక్కే చెప్పిందట. నేను కళ్లు తెరిచేసరికి చాప ఖాళీగా ఉంది. పరుగెత్తుకుంటూ ఇంటి ముందు వాకిట్లోకి పోయాను. మట్టిలో బండి చక్రాల గీతలు గల్లీ మలుపు దాకా ఉన్నాయి. మనిషి వెళ్లిన వెంటనే వాకిలి ఊడవకూడదని అవ్వ చీపురు గోడకు ఆనించి కూర్చుంది. పొద్దెక్కింది, మధ్యాహ్నం అయింది, దీపాలు పెట్టే వేళ అయింది. ఆ రోజంతా అవ్వ వాకిలి ఊడవలేదు.